కొత్త పాటకు బెజవాడలో దారేది?

తెలుగు సినిమా వ్యాపారంలో కృష్ణా ఒక ఏరియా, గుంటూరు ఇంకో ఏరియా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర వసూళ్లను విడివిడిగా లెక్కేసినట్టే వీటినీ విడిగానే లెక్కేస్తారు. సినిమా పాటకు ఈ రెండు చోట్లా దారి ముందే వేసి ఉంటుంది. హక్కులు కొన్న ఆడియో కంపెనీ లిరికల్ వీడియో వదులుతుంది, ఎఫ్ఎంలో రోజూ మోగుతుంది, రీల్స్ వస్తాయి, పెళ్లి ఊరేగింపులో డీజే అందుకుంటాడు. బొమ్మ పడే నాటికి గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల దగ్గర టీ తాగేవాళ్లందరికీ పల్లవి నోటికి వచ్చేసి ఉంటుంది. అది తమకు నచ్చిందో లేదో వాళ్లలో చాలామంది ఆలోచించి ఉండరు. చెవిన పడి పడి వచ్చేసిందంతే.

అదే ఊళ్లో నలుగురు పిల్లలు రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్ పెట్టుకుని సొంతంగా పాట కట్టారనుకుందాం. రికార్డింగ్ ఇప్పుడు పెద్ద సమస్య కాదు. ల్యాప్‌టాప్, ఒక మైకు, కాస్త ఓపిక ఉంటే మొగల్రాజపురంలో ఇంటి మేడ మీద గదిలోనే పని అయిపోతుంది. స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ లాంటి వాటిలో పాట పెట్టించే సర్వీసులకు ఏడాదికి కట్టే డబ్బు కూడా కాలేజీ పిల్లలు తలా కాస్త వేసుకుంటే సరిపోతుంది. తర్వాతే అసలు చిక్కు. మొదటి వారం క్లాస్‌మేట్లు, బంధువులు వింటారు. మేనమామ వాట్సాప్ గ్రూపులో షేర్ చేస్తాడు. రెండో వారానికి ఆ అంకె అక్కడే ఆగిపోతుంది. పాట బాగోలేదా అంటే, బాగుందో లేదో తేలేటన్నిసార్లు ఎవరూ వినలేదు.

మనవాళ్లకు సినిమా పాట తప్ప ఏదీ ఎక్కదని తేల్చేయడం తేలిక. కానీ ఏ కొత్త బాణీ అయినా ఒక్కసారి వింటే ఎక్కదు. అలవాటు లేని శబ్దమైతే అసలే ఎక్కదు. అదే జనానికి అదే పాట మళ్లీ మళ్లీ వినిపించే ఏర్పాటు ఉంటేనే అది నిలుస్తుందో పోతుందో తెలుస్తుంది. ఆ ఏర్పాటును సినిమా డబ్బు పెట్టి కొంటుంది. ఒకప్పుడు బెజవాడ రేడియో కార్యక్రమాల పట్టికతోనే ఆ పని చేసింది. ఇండీ రాక్ పుట్టి పెరిగిన దేశాల్లో దాన్ని చేసింది అర్ధరాత్రి రేడియో గంటలు, ఆ గంటలు నడిపినవాళ్లు, వాళ్లకు పాటలు చేరవేసినవాళ్లు.

ఇండీ అంటే ఇండిపెండెంట్. పెద్ద రికార్డు కంపెనీల చేతిలో లేకుండా చిన్న కంపెనీలు తీసుకొచ్చిన సంగీతానికి మొదట వచ్చిన పేరు ఇది. లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే దుకాణం 1976లో తెరుచుకుంది, 1978లో అదే రికార్డు కంపెనీ కూడా అయింది. అలాంటి చిన్న కంపెనీల అమ్మకాలకు బ్రిటన్‌లో 1980 నుంచి విడిగా ఒక చార్ట్ వేయడం మొదలుపెట్టారు. అయితే దుకాణంలో రికార్డు ఉంటే చాలదు, అది ఉందని జనానికి తెలియాలి. ఆ పని ఎక్కువగా ఒక్క మనిషి చేశారు. జాన్ పీల్ బీబీసీ రేడియో 1లో 1967 నుంచి 2004లో చనిపోయేదాకా రాత్రిపూట కార్యక్రమాలు నడిపారు. 1978లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నుంచి వచ్చిన అండర్‌టోన్స్ అనే బ్యాండ్ పాట నచ్చి, ఒకే కార్యక్రమంలో వెంటవెంటనే రెండుసార్లు వేశారు. ఆ పాట రేడియోలో విన్న సైర్ రికార్డ్స్ అధిపతి సీమోర్ స్టెయిన్, బ్యాండ్‌తో ఒప్పందం కుదుర్చుకోవడానికి డెర్రీకి మనిషిని పంపారు.

పీల్ కార్యక్రమం కోసం స్టూడియోలో ప్రత్యేకంగా రికార్డు చేసిన సెషన్లు 4,000 పైమాటే. వాటి వెనక కథ తమాషాగా ఉంటుంది. రికార్డులు వేసుకుంటూ పోతే వాద్యకారులకు పని పోతుందని బ్రిటన్ సంగీతకారుల యూనియన్, రోజుకు ఇన్ని గంటలకు మించి రికార్డులు వేయకూడదని బీబీసీతో ఒప్పందం చేయించింది. మిగతా సమయం నింపాలంటే మనుషులను పిలిచి వాయించాల్సిందే. పేరు లేని బ్యాండ్లు బీబీసీ స్టూడియోలో అడుగుపెట్టడానికి దారి అలా పడింది. ఎవరో వాటిపై దయతలచి కాదు, పట్టికలో ఖాళీ ఉండి.

అమెరికాలో ఈ పని కాలేజీ రేడియోలది. సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థులు 1972లో 10 వాట్లతో కేసీఎంయూ అనే స్టేషన్ పెట్టారు. నిర్వాణ లాంటి బ్యాండ్లను లోకానికి పరిచయం చేసిన సబ్ పాప్ కంపెనీ వ్యవస్థాపకులు ఇద్దరూ ఆ స్టేషన్లో కార్యక్రమాలు చేసినవాళ్లే. ఇప్పుడు దాని పేరు కేఈఎక్స్‌పీ, ఖర్చులో పెద్ద భాగం శ్రోతల విరాళాలతోనే నడుస్తుంది. పగలంతా హిట్లు వేసే వ్యాపార స్టేషన్లు కూడా చాలావరకు ఆదివారం రాత్రి పూట ఒకటి రెండు గంటలు కొత్త పాటలకు వదిలేవి. స్పెషాలిటీ షో అనేది దాన్నే. ఆ టైంలో ప్రకటనలు ఎలాగూ తక్కువ కాబట్టి యజమానికి పోయేదేమీ లేదు.

ఈ స్టేషన్లకు పాటలు ఎవరు చేర్చాలి? దాని కోసమే రేడియో ప్రమోటర్లు వచ్చారు. వాళ్ల పని బయటికి కనిపించదు, చెప్పుకోవడానికి మెరుపు కూడా లేదు. సీడీల రోజుల్లో వందల కవర్లు సర్దడంతో మొదలయ్యేది. ప్రతి సీడీ మీద ఒక స్టిక్కర్: ఈ బ్యాండ్ ఎవరిని పోలి ఉంటుంది, ముందు ఏ రెండు పాటలు వినాలి, ఏ పాటలో బూతు ఉంది. ఆ మూడో ముక్క చిన్న విషయం కాదు. అక్కడి నిబంధనల ప్రకారం అసభ్యత ఉన్నది ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ప్రసారం చేస్తే స్టేషన్‌కు జరిమానా పడొచ్చు. తర్వాత ఫోన్లు. కాలేజీ స్టేషన్లో మ్యూజిక్ డైరెక్టర్ అంటే బాణీలు కట్టేవాడు కాదు, వచ్చిన పాటల్లో ఏవి వేయాలో తేల్చే విద్యార్థి. అతను వారంలో ఫలానా రోజు ఫలానా గంటల్లోనే ఫోన్ ఎత్తుతాడు. ఆ గంటల్లోనే పట్టుకుని కవరు అందిందా, విన్నావా, మీవాళ్లు ఏ పాట వేస్తున్నారు, ఎన్నిసార్లు వేశారు అని అడగాలి. మంగళవారం కల్లా కొత్తగా చేర్చిన ఆల్బమ్‌ల జాబితాను స్టేషన్లు పైకి పంపేవి. 1978లో మొదలైన సీఎంజే పత్రిక ఆ జాబితాలన్నీ కలిపి దేశమంతటికీ చార్ట్ వేసేది. ఇలా ఒక్క ఆల్బమ్ వెంట ఆరు నుంచి ఎనిమిది వారాలు పడాలి.

ఇందులో ప్రమోటర్ పెట్టుబడి మాట మీద నమ్మకం ఒక్కటే. మూడు వారాలు వరసగా చెత్త పంపితే నాలుగో వారం అతని ఫోన్ ఎవరూ ఎత్తరు. అందుకే మంచి ప్రమోటర్లు డబ్బిస్తానన్నా కొన్ని ఆల్బమ్‌లు తీసుకోరు. ఒప్పుకున్నది కూడా అన్ని స్టేషన్లకూ పంపరు, ఏ గంటకు ఏది నప్పుతుందో చూసి పంపుతారు.

ఈ వృత్తికి మచ్చ కూడా ఉంది. డబ్బిచ్చి పాట వేయించుకునే అలవాటుకు అక్కడ పేయోలా అని పేరు. 1959-60లో దాని మీద అమెరికా కాంగ్రెస్‌లో విచారణలు జరిగి, రాక్ అండ్ రోల్‌ను జనంలోకి తెచ్చిన అలన్ ఫ్రీడ్ లాంటి డీజేల జీవితాలు తలకిందులయ్యాయి. ముట్టిన డబ్బు సంగతి చెప్పకుండా పాట వేయడం నేరమని 1960లో చట్టం చేశారు. అంతటితో ఆగిందా? కంపెనీలు నేరుగా ఇవ్వడం మానేసి మధ్యవర్తుల చేత ఇప్పించాయి. స్టేషన్ల వాళ్లకు విహారయాత్రలు, కానుకలు అందాయన్న కేసులో 2005లో సోనీ బీఎంజీ న్యూయార్క్ రాష్ట్రంతో కోటి డాలర్లకు రాజీ పడింది. గమనించాల్సిందేమంటే, ఈ డబ్బంతా పగటి పూట హిట్ల కోసం పోసిందే. ఆదివారం అర్ధరాత్రి గంటను కొనాలని ఎవరికీ పెద్దగా అనిపించదు. కొనదగ్గ విలువ లేకపోవడమే చాలాకాలం ఆ గంటను కాపాడింది.

బెజవాడకు ఈ కథ కొత్తేమీ కాదు, వేషం వేరంతే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్లు పనిచేసిన చోటు అది. భక్తిరంజని వింటూ నిద్రలేచిన తరాలు ఇంకా ఉన్నాయి. ఇక్కడి విషయానికి ముఖ్యమైంది లలిత సంగీతం. కవి రాసిన గీతానికి రేడియోలోనే బాణీ కట్టించి, రేడియో గాయకుల చేత పాడించేవారు. ‘ఈ మాసపు పాట’ పేరుతో ఒకే గీతాన్ని నెలంతా మళ్లీ మళ్లీ వినిపించేవారు. నెలాఖరుకు బళ్లో పిల్లలు, ఇంట్లో ఆడవాళ్లు, పుస్తకంలో సాహిత్యం రాసుకునే కాలేజీ అమ్మాయిలు అది పాడుకునేవారు. సినిమా లేదు, పోస్టర్ లేదు, హీరో లేడు. ఒక పాటకు నెల రోజుల చోటు ఇచ్చారు, అంతే. ఇండీ అన్న మాట ఈ దేశంలో వాడుకలోకి రాకముందే, సినిమాతో పని లేని కొత్త పాటను ఇక్కడ నిలబెట్టిన పద్ధతి అది.

అలాగని ఆకాశవాణిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. తలుపు దగ్గర కూర్చున్నవాడికి మంచి చెవి ఉంటే ఎంత మేలో, మొండి అభిప్రాయం ఉంటే అంత కీడు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. తెనాలి, గుంటూరు ప్రాంతాల్లో పద్యనాటకం మొత్తం హార్మోనియం మీద నడుస్తుంటే, మన రేడియోకు మాత్రం అది అంటరానిదైపోయింది! 1952లో కేంద్రమంత్రి బి.వి.కేస్కర్ సినిమా పాటలను పక్కన పెట్టిస్తే, జనం రేడియో సిలోన్‌కు వెళ్లిపోయారు. వాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికే 1957లో వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. ఇక ఆడిషన్ పెట్టి బి, బి-హై, ఏ, టాప్ గ్రేడ్లు ఇచ్చే పద్ధతి కచేరీ విద్వాంసుడికి సరిపోతుంది. నలుగురు కలిసి కట్టుకున్న బ్యాండ్‌ను ఏ గడిలో వేయాలో ఆ పద్ధతికి తెలియదు. లలిత సంగీతంలో డిస్టార్షన్ గిటార్, అంటే స్వరాన్ని కావాలని బరబరలాడించే గిటార్, మోగితే కమిటీ వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాక ఇది మారి ఉండాల్సింది. విజయవాడలో 98.3 మీద మిర్చి, 93.5 మీద రెడ్ ఎఫ్ఎం ఉన్నాయి, 102.2లో ఆకాశవాణి వారి రెయిన్‌బో ఉంది. ఏది తిప్పినా ఎక్కువగా వినిపించేది సినిమా పాటే. ఆర్జేలకు అభిరుచి లేదని తిట్టుకోవడం అన్యాయం, పాట ఎంచుకునే పని వాళ్ల చేతిలో చాలా తక్కువ. పట్టిక సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది, జాబితా పైనుంచి వస్తుంది. ఆ పైవాళ్ల లెక్క కూడా అర్థం చేసుకోవాలి. లైసెన్స్ కోసం వేలంలో పెద్ద మొత్తం ముందే కట్టారు. ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం, లేదా ఆ వేలం మొత్తంలో 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది ప్రభుత్వానికి కట్టాలి. సొంతంగా వార్తలు చెప్పడానికి వీల్లేదు. ఆదాయమంతా పది సెకన్ల లెక్కన అమ్మే ప్రకటనల నుంచే రావాలి. బందరు రోడ్డులో బట్టల షాపు, గుంటూరులో కార్పొరేట్ కాలేజీ, కొత్తగా తెరిచిన నగల దుకాణం, వీళ్లే కట్టేది. వాళ్లు అడిగేది ఒక్కటే: ఎంతమంది వింటున్నారు?

దానికి సరైన జవాబు ఎవరి దగ్గరా లేదు. ఎవరు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో వారం వారం కొలిచిన రామ్ అనే లెక్క ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరుకే పరిమితం. అంటే తెలియని పాట వేస్తే బెజవాడ శ్రోత స్టేషన్ మార్చేస్తాడన్నది కొలిచి తేల్చింది కాదు, టెన్షన్ కొద్దీ అనుకుంటున్నది. పగటి పూట ఆ టెన్షన్‌కు అర్థం ఉంది. ఆదివారం రాత్రి పదకొండింటికి ఏ బట్టల షాపు ప్రకటన పోతుందని? అక్కడ కూడా పాత హిట్లే పెట్టడం వెనక వ్యాపారం లెక్క కనిపించదు. బద్ధకమే కనిపిస్తుంది.

చట్టం అడ్డమా అంటే, అదీ కాదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం, విడుదలైన ఏ పాటనైనా ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి రేడియో వేసుకోవచ్చు. సొంత పాటకు హక్కులన్నీ బ్యాండ్ దగ్గరే ఉంటే నేరుగా ఒక ఉత్తరం రాసిచ్చినా సరిపోతుంది. మన పిల్లలు చాలామంది చేయనిది ఇంకొకటి ఉంది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంఘంలో సభ్యులుగా చేరి పాట నమోదు చేసుకోవాలి. లేకపోతే రేడియోలో మోగినా వాళ్ల వాటా వాళ్లకు చేరదు.

రేడియో ఎందుకు, స్ట్రీమింగ్ ఉందిగా అనేవాళ్లున్నారు. స్పాటిఫై మన దేశానికి 2019లో వచ్చింది. విడుదలకు కనీసం వారం ముందు పాటను దాని సంపాదకులకు పంపుకునే వీలు ఎవరికైనా ఉంది, ఇది మంచిదే. కానీ ఆ సంపాదకుడు ఎవరో తెలియదు, ఎందుకు తీసుకోలేదో చెప్పడు, మళ్లీ ఫోన్ చేసి అడిగే వీలు లేదు. 2020లో ప్రకటించిన ‘డిస్కవరీ మోడ్’లో రాయల్టీ తగ్గించుకోవడానికి ఒప్పుకుంటే పాటను ఎక్కువమంది ముందుకు తోస్తారు. పేయోలా విచారణలు చూసినవాళ్లు ఉంటే దీన్ని చూసి నవ్వుకునేవారు. 2024 నుంచి ఏడాదికి కనీసం 1,000 సార్లు వినబడని పాటకు పైసా రాదు. ఇవన్నీ ఒక ఎత్తు. విన్నదాన్ని బట్టి అలాంటిదే ఇంకోటి చూపించే యంత్రం, సినిమా పాట విన్నవాడికి సినిమా పాటే చూపిస్తుంది. అసలు తెలియని శబ్దాన్ని పట్టుకొచ్చి ‘ఇది వినండి, వచ్చే వారం మళ్లీ వేస్తాను’ అని చెప్పే మనిషి పని దానికి చేతకాదు.

ప్రత్యక్షంగా వాయించే చోటు ఉందా అంటే, ఈ రెండు ఊళ్లకు జనం కొరత ఎప్పుడూ లేదు. దసరా, వినాయక చవితి పందిళ్లలో ఆర్కెస్ట్రాలు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మీద తెల్లవార్లూ పాటలు, కాలేజీ ఫెస్టుల్లో వేలమంది పిల్లలు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన నాజర్ బుర్రకథను ఊరూరా వినిపించగలిగారంటే, గొంతుతో పాటు ప్రజానాట్యమండలి అనే యంత్రాంగం వెనక ఉంది. పద్యనాటకానికి కాంట్రాక్టర్లు ఉండేవారు. ఊరికి ఏ నటుడు కావాలో, ఏ పద్యానికి వన్స్‌మోర్ పడుతుందో వాళ్లకు తెలుసు. ఇప్పటి ఆర్కెస్ట్రాకు అడ్వాన్స్ ఇచ్చే కమిటీ వాళ్లు అడిగేది మాత్రం జనానికి తెలిసిన పాటలు. సొంత పాట పాడతామంటే ‘మధ్యలో ఒకటి వేసుకోండి’ అంటారు. ఆ ఒక్కటి ఒక్కసారే వినిపిస్తుంది, మళ్లీ అక్కడికే వచ్చాం.

పక్కన కేరళ దీన్ని ఇంకోలా దాటింది. మాతృభూమి సంస్థ కప్పా టీవీలో ‘మ్యూజిక్ మోజో’ అని బ్యాండ్ల కోసమే ఒక కార్యక్రమం నడిపింది. తైక్కుడం బ్రిడ్జ్ అనే బ్యాండ్ 2013లో అక్కడ వాయించాకే మలయాళీ ఇళ్లలో తెలిసింది. మలయాళీలకు సినిమా పిచ్చి మనకంటే తక్కువని ఎవరూ అనరు. ఒక పత్రికా సంస్థ ఒక చోటు ఇచ్చింది, అదే చోట మళ్లీ మళ్లీ వినిపించింది. మన దగ్గర అది లేక, చౌరస్తా బ్యాండ్‌తో మొదలైన రామ్ మిరియాలను కూడా ఎక్కువమంది సినిమా పాటలతోనే గుర్తుపడతారు. విశాఖ నుంచి వచ్చిన కాప్రిసియో బ్యాండ్ పేరు బెజవాడలో ఎంతమందికి తెలుసో అడిగి చూడవచ్చు.

ఇక్కడ మొదలుపెట్టాలంటే అన్నిటికంటే దగ్గర దారి కమ్యూనిటీ రేడియో. కాలేజీలకు లైసెన్సులు ఇస్తారు, వేలం లేదు. సాధారణంగా 100 వాట్ల శక్తి, అంటే కేసీఎంయూ మొదలైన దానికి పదింతలు. ప్రసారాల్లో సగమైనా స్థానికులతో తయారైనవి ఉండాలన్న నిబంధన ఎలాగూ ఉంది. 2024 నుంచి గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. భీమవరంలో ఒక కాలేజీ 90.4 మీద రేడియో విష్ణు నడుపుతోంది. వడ్డేశ్వరం, వడ్లమూడి, నంబూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివే పిల్లల సంఖ్య చూస్తే శ్రోతలకు కరువుండదు. భయమల్లా, అలాంటి స్టేషన్ పెట్టగానే యాజమాన్యం ర్యాంకుల ప్రకటనలకు, ప్రముఖుల ఉపన్యాసాలకు అప్పగించేస్తుందేమోనని.

గంట దొరికినా ప్రమోటర్ లేకపోతే నడవదు. ఆ గంటకు వారం వారం పదీ పన్నెండు కొత్త పాటలు కావాలి. విశాఖ, హైదరాబాద్, తిరుపతి నుంచి ఎవరో ఒకరు ఏరి పంపాలి. పాటతో పాటు నాలుగు లైన్లు రాయాలి: ఎవరు, ఏ ఊరు, ఏ పాటను పోలి ఉంటుంది, ప్రసారానికి పనికిరాని మాట ఏదైనా ఉందా. తర్వాత ఫోన్ చేసి ఎన్నిసార్లు వేశారో రాసుకుని బ్యాండ్‌కు చెప్పాలి. ఈ పనికి ఇచ్చేది నెలకింత అని ముందే మాట్లాడుకోవాలి. పాట మోగిన లెక్కన ఇస్తే అది రేపో మాపో స్టేషన్ వాళ్ల జేబుకు చేరుతుంది, అమెరికా అనుభవం అదే. తెలుగులో ఇప్పుడున్న బ్యాండ్లతో ఒక మనిషికి జీతం గిట్టేంత పని ఉండదు కాబట్టి, కొన్నాళ్లపాటు దీన్ని ఇంకో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చూసేవాళ్లే చేయాల్సి ఉంటుంది. ఐదారు బ్యాండ్లు కలిసి తలా కొంత వేసుకుంటే ఫోన్, కొరియర్, ప్రయాణం ఖర్చుల వరకు వస్తాయి.